గోల్కొండలో గని లేదు

(కర్నూలులో డిగ్రీ కామర్స్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం. చివర్లో కొన్ని ప్రశ్నలు, జవాబులు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలోవాళ్ళకి వినబడుతోందా? చెయ్యెత్తండి. సరే.

ముందు ఈ పొట్లం ఒక్కసారి చూసి పక్కవాళ్ళకి ఇవ్వండి. ఖాళీదే, కంగారు పడకండి. (నవ్వులు) పాతకాలం ఆయుర్వేదం డాక్టరు చూర్ణం కట్టిచ్చిన పొట్లంలా ఉంది కదా. లోపల పల్చటి నీలం కాగితం ఇంకొకటి ఉంటుంది. తెల్లరాయి ఆ రంగు మీద బాగా కనబడుతుందని పెడతారు. సూరత్‌లో దీన్ని పడీకు అంటారు. పైన పెన్సిల్‌తో మూడు ముక్కలు రాసున్నాయి చూడండి: లాటు నంబరు, రాళ్ళెన్ని, క్యారెట్లెన్ని (అంటే బరువెంత). నేను పనిలో చేరినప్పుడు ఒక వజ్రం గురించి మా సెక్షన్‌లో తెలిసిందంతా ఇంతే. పొట్లం మారిందంటే రాయికి ఇంటిపేరు మారినట్టే.

మాది కరీంనగర్ వైపు పద్మశాలి కుటుంబం. మా నాన్న మరమగ్గాల పనికని సూరత్ వెళ్ళి అక్కడే ఉండిపోయారు. ఇంట్లో అందరూ బట్టల్లోకి వెళ్తే నేను వజ్రాల్లోకి వెళ్ళాను. రాయి సానపట్టడం నాకు రాదు. మొదట ప్లానింగ్ సెక్షన్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్నాను, ఇప్పుడు ట్రేసబిలిటీ డేటా చూస్తున్నాను.

నన్ను పిలిచిన మేడం టాపిక్ ఇంగ్లీషులో పంపారు, ‘డైమండ్ ట్రేసబిలిటీ, టెర్మినాలజీ’ అని. బస్సులో వస్తూ దానికి తెలుగు వెతుక్కున్నాను. ట్రేసబిలిటీకి ‘జాడ తీయడం’ సరిపోతుంది. పశువు తప్పిపోతే గిట్టల గుర్తులు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్తారే, అది జాడ తీయడం. ట్రాకింగ్ అంటే పశువు వెంటే నడవడం. కొరియర్ యాప్‌లో మీ పార్సెల్ ఇప్పుడు కడపలో ఉంది అని చూపిస్తే అది ట్రాకింగ్. ఆ పార్సెల్‌లో ఉన్న చీర ఏ మగ్గం మీద నేశారో వెనక్కి వెళ్ళి చెప్పగలిగితే అది ట్రేసింగ్. మా ఫీల్డులో రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడేస్తారు, అమ్మకాల బ్రోచర్లలో మరీను.

ఇక గొడవంతా ఒక్క మాట దగ్గరుంది. ఆరిజిన్. మూలం అనండి, పుట్టిన చోటు అనండి. ఈ మాట దగ్గర అందరికంటే ముందు పొరబడినవాళ్ళం మనమే. గోల్కొండ వజ్రాలు అంటాం కదా. గోల్కొండ కోట చూసినవాళ్ళు ఎంతమంది? చాలామందే ఉన్నారు. అక్కడ గని ఎక్కడుందో చూశారా? (నవ్వులు) ఉండదు. గోల్కొండ రాజధాని, పెద్ద సంత. రాళ్ళు కృష్ణ ఒడ్డున కొల్లూరులో, పరిటాల వైపు, ఇటు మీ బనగానపల్లె, రామళ్ళకోట చుట్టుపక్కల దొరికేవి. బేరం మాత్రం గోల్కొండలో సాగేది. టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు 17వ శతాబ్దంలో కొల్లూరు గని చూసి, అక్కడ 60,000 మంది దాకా పనిచేస్తున్నారని రాశాడు. పిల్లలు, ఆడవాళ్ళతో సహా. అంతమంది చెమటోడ్చిన ఊరి పేరు బయట ఎవరికీ తెలీదు, సంత పేరు మాత్రం లోకమంతా తెలుసు. ఇప్పుడు ఆ కొల్లూరు పులిచింతల నీళ్ళ కింద ఉంది.

అక్కడితో ఆగలేదు. నైట్రోజన్ దాదాపు లేకుండా, నీళ్ళంత తేటగా ఉండే రాయిని శాస్త్రంలో టూ-ఏ రకం అంటారు. వ్యాపారంలో దానికి ‘గోల్కొండ’ అనే పేరు వాడుకలోకి వచ్చేసింది. ఆఫ్రికాలో దొరికిన రాయికి కూడా ఆ పేరు తగిలించేవాళ్ళున్నారు. అంటే ఒకే మాట ఒకచోట గనుల ప్రాంతం, ఒకచోట సంత, ఒకచోట నాణ్యత. మనుషులు మాట్లాడుకునేటప్పుడు ఇది నడుస్తుంది. డేటాబేస్‌లో నడవదు, అక్కడ మూడింటికీ మూడు గళ్ళు కావాలి. నామటుకు నేను ఆరిజిన్‌కి ‘పుట్టిన చోటు’ అని, ప్రావెనెన్స్‌కి ‘పుట్టుపూర్వోత్తరాలు’ అని వాడతాను. మొదటిది ఒక్క ఊరి పేరు. రెండోది పెద్ద కథ: ఎక్కడ పుట్టింది, ఎవరు కొన్నారు, ఎక్కడ కోశారు, ఎవరి చేతులు దాటింది, అన్నీ.

మీరు కామర్స్‌వాళ్ళు కాబట్టి ఇంకో ఆరిజిన్ కూడా తెలియాలి. కస్టమ్స్‌వాళ్ళది. ఒక దేశంలో సరుకు గణనీయంగా రూపు మారితే, ఆ మార్చిన దేశమే దాని మూలం అని లెక్క. సబ్‌స్టాన్షియల్ ట్రాన్స్‌ఫర్మేషన్ అంటారు. నెల్లూరు బియ్యం కర్నూలులో ఇడ్లీ అయితే అది కర్నూలు ఇడ్లీయే కదా, ఆ లెక్కన్నమాట. (నవ్వులు)

నవ్వుతున్నారు కానీ ఈ ఇడ్లీ లెక్క మీద దేశాల మధ్య పెద్ద రగడ నడిచింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా రష్యా వజ్రాల దిగుమతి నిషేధించింది. సరే, రష్యాలోని యాకుటియా గనిలో తవ్విన ముడిరాయి సూరత్ వచ్చి, సానపట్టించుకుని న్యూయార్క్ వెళ్తే? కస్టమ్స్ భాషలో అది భారతీయ వజ్రం. నిషేధం దానికి తగల్లేదు. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు, కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. రష్యా కంపెనీ అల్రోసా చిన్నదేం కాదు, ప్రపంచంలో తవ్వే ముడిరాళ్ళలో సుమారు మూడో వంతు దానిదే. చివరికి 2023 డిసెంబరులో జీ7 అనే ధనిక దేశాల కూటమివాళ్ళు కూర్చుని ఆ కంత పూడ్చారు. 2024 జనవరి 1 నుంచి రష్యా నుంచి నేరుగా వచ్చేవి బంద్. మార్చి 1 నుంచి, ఇంకో దేశంలో సానపట్టినా సరే, ఒక క్యారెట్, అంతకు మించినవి బంద్. సెప్టెంబరు 1 నుంచి అర క్యారెట్‌కి దించారు.

ఏం చేశారో గమనించండి. కొత్త చట్టం రాశారన్నది పైకి కనిపించేది. లోపల జరిగింది ఆరిజిన్ అనే మాటకి అర్థం మార్చడం. అంతవరకు రూపు మార్చిన చోటు, అప్పటినుంచి తవ్విన చోటు. ఆ ఒక్క మార్పుతో మా ఆఫీసులో లైట్లు రాత్రి పదింటికి కూడా ఆరడం మానేశాయి. ఎందుకంటే, పాలిష్ అయిపోయిన రాయిని చేతిలో పెట్టి ఇది ఏ దేశంలో పుట్టిందో చెప్పు అంటే చెప్పే పరీక్ష వాడుకలో లేదు. కెంపు, పచ్చ అయితే ల్యాబులవాళ్ళు బర్మాదనీ, కొలంబియాదనీ రాసిస్తారు. వజ్రం స్వచ్ఛమైన కార్బన్, తనలో ఊరి పేరు దాచుకోదు. కాబట్టి రాయి చెప్పనిది రికార్డు చెప్పాలి. యూరప్‌వాళ్ళు డిజిటల్ ట్రేసబిలిటీ తప్పనిసరి అని గడువు పెట్టి, ఒకటికి రెండుసార్లు దాన్ని వెనక్కి జరిపారు. చెప్పినంత సులువైతే జరిపేవాళ్ళు కాదు.

మరి కింబర్లీ సర్టిఫికెట్ ఉంది కదా అని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. చెప్తాను. 1990లలో సియెరా లియోన్, అంగోలాల్లో తిరుగుబాటుదారులు వజ్రాలమ్మి తుపాకులు కొన్నారు. దాన్ని ఆపాలని 2000 మే నెలలో దక్షిణాఫ్రికాలోని కింబర్లీలో దేశాలు, వ్యాపారులు, స్వచ్ఛంద సంస్థలు సమావేశమయ్యారు. 2003 జనవరి 1 నుంచి పథకం అమల్లోకి వచ్చింది. అందులో ‘కాన్‌ఫ్లిక్ట్ డైమండ్’ అంటే ఏమిటో నిర్వచనం రాసుకున్నారు. చట్టబద్ధమైన ప్రభుత్వాల్ని దెబ్బతీయడానికి తిరుగుబాటుదారులో వాళ్ళ మిత్రులో చేసే యుద్ధానికి డబ్బిచ్చే ముడి వజ్రం, అదీ నిర్వచనం. ఇందులో ‘తిరుగుబాటుదారులు’ అన్న మాట కింద గీత పెట్టుకోండి. ‘ముడి’ అన్న మాట కింద ఇంకోటి.

మొదటి గీత వల్ల ఏమైంది? జింబాబ్వేలో మరంగే గనుల దగ్గర 2008లో ప్రభుత్వ బలగాలే జనాన్ని చంపాయి. కానీ వాళ్ళు తిరుగుబాటుదారులు కాదు, ప్రభుత్వం. నిర్వచనంలో ఇమడలేదు. తర్వాత ఆ రాళ్ళ ఎగుమతికి అనుమతి వచ్చింది. ఈ పథకం పుట్టుకకి కారణమైన సంస్థల్లో ఒకటైన గ్లోబల్ విట్‌నెస్ 2011లో విసిగి బయటికి వెళ్ళిపోయింది. రష్యా విషయంలోనూ ఇదే. దాడి చేసింది ఒక దేశం, తిరుగుబాటు ముఠా కాదు. అందుకే జీ7వాళ్ళు ‘కాన్‌ఫ్లిక్ట్’ అన్న మాట జోలికి పోకుండా ‘రష్యన్ ఆరిజిన్’ అన్న మాట పట్టుకున్నారు.

రెండో గీత. కింబర్లీ సర్టిఫికెట్ ముడిరాళ్ళ పెట్టెకి ఇస్తారు, రాయికి ఇవ్వరు. సీలు వేసిన పెట్టె సరిహద్దు దాటేటప్పుడు దానితోపాటు కాగితం వెళ్తుంది. క్యారెట్లెన్ని, విలువెంత అని అందులో ఉంటుంది. పెట్టెలో రాళ్ళన్నీ ఒకే దేశానివైతేనే పుట్టిన దేశం పేరు రాయాలి. కలగలుపు అయితే అక్కర్లేదు. రాయి సూరత్‌లో దిగి సాన చక్రం ఎక్కిన క్షణాన కింబర్లీ పని అయిపోయింది. ఆ తర్వాత నడిచేదాన్ని సిస్టమ్ ఆఫ్ వారంటీస్ అంటారు. బిల్లు కింద ఒక వాక్యం అచ్చేస్తారు, ఈ వజ్రాలు సక్రమమైన చోటునుంచి కొన్నవి అని అమ్మేవాడి హామీ. కొన్నవాడు మళ్ళీ అమ్మేటప్పుడు తన బిల్లు మీద అదే వాక్యం వేస్తాడు. నోటిమాట నుంచి నోటిమాటకి. ‘కాన్‌ఫ్లిక్ట్ ఫ్రీ’ అని షాపులో బోర్డు చూస్తే దాని వెనక చాలాసార్లు ఉండేది ఈ వాక్యమే.

ఇప్పుడు అప్పగింతల సంగతి. చైన్ ఆఫ్ కస్టడీకి నేను ‘అప్పగింతల వరుస’ అంటాను. పెళ్ళిలో అప్పగింతలప్పుడు ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి అన్నది పదిమంది ముందు జరుగుతుంది కదా, అలా. ఇక్కడ చేతిలో ఉండడం వేరు, సొంతం కావడం వేరు. మాకు జాంగడ్ చీటీ అని ఒకటుంది. వ్యాపారి రాళ్ళు బ్రోకరు చేతికి చూపించడానికి ఇస్తాడు. నచ్చితే బిల్లు, నచ్చకపోతే వాపసు. రాయి ఐదు చేతులు తిరిగొస్తుంది, యజమాని మాత్రం మారడు. ఆంగడియా అని ఇంకొకతను ఉంటాడు. సాయంత్రం పొట్లాలు తీసుకుని రాత్రి రైలెక్కి పొద్దున్నే ముంబైలో ఇచ్చేస్తాడు. అతని ఒంటిమీద కోట్ల సరుకున్నా అందులో అతనిది ఒక్క రాయీ లేదు. నేను మొదట చూసిన ఒక సాఫ్ట్‌వేర్‌లో ‘ట్రాన్స్‌ఫర్’ అని ఒకటే బటన్ ఉండేది. జాంగడ్‌కి వెళ్ళిన రాయికి అది నొక్కితే అమ్మేసినట్టు, నొక్కకపోతే బీరువాలోనే ఉన్నట్టు. రాసినవాళ్ళకి జాంగడ్ అనే మాట తెలీదు. తెలీని మాటకి బటన్ ఎలా పెడతారు? రెండు నెలలు మేము పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకుని పని నడిపాం. డిజిటల్ అన్నారు, చివరికి నా చేతిరాతే దిక్కయింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇప్పుడొస్తుంది. మీ ఇళ్ళలో భూమి కాగితాలు చూసుంటారు. సర్వే నంబరు 214 ఉంటుంది. అన్నదమ్ములు పంచుకుంటే 214/1, 214/2 అవుతుంది. కొనేవాడు లింకు డాక్యుమెంట్లు ఏవీ అని అడుగుతాడు. వజ్రానికీ అంతే. ఒక ముడిరాయిలోంచి చాలాసార్లు రెండు పాలిష్ రాళ్ళు తీస్తారు. ముడిరాయి నంబరుని పేరెంట్ ఐడీ అంటారు, అందులోంచి వచ్చినవాటికి చైల్డ్ ఐడీలు. కాకపోతే పొలం పంచుకుంటే ఎకరాలు తగ్గవు, గట్టు తగాదాలు వదిలేయండి. (నవ్వులు) వజ్రం మాత్రం సానలో సగానికి పైగా పొడై పోతుంది. లెక్క కోసం 2.40 క్యారెట్ల ముడిరాయి అనుకోండి. ఒకటి 0.71, ఒకటి 0.38 వచ్చాయి. కలిపితే 1.09. మిగతా 1.31 ఎక్కడికి పోయిందో సిస్టమ్‌కి చెప్పాలి. ఆకారం మారింది, బరువు మారింది, రంగు కూడా కొంచెం మారినట్టు కనిపిస్తుంది. పేగు తెంచుకు పుట్టిన బిడ్డ తల్లి పోలికల్లో ఒక్కటీ లేకుండా ఎదురొస్తే, వీడు మీ వాడే అని ఎలా తేలుస్తారు?

పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టుమచ్చలు రాశారు కదా మీకు? కుడి మోచేతి మీద ఒకటి, మెడ మీద ఒకటి. అదే ఇక్కడా. వజ్రం లోపల ఉండే సూక్ష్మమైన మచ్చలు, చీలికలు, వీటిని ఇన్‌క్లూజన్లు అంటారు. ఇజ్రాయెల్‌కి చెందిన సారిన్ కంపెనీ గెలాక్సీ అనే మెషిన్ తయారుచేసింది. ముడిరాయిని అందులో పెడితే ఏ మచ్చ ఎంత లోతులో ఉందో త్రీడీ మ్యాప్ ఇస్తుంది. దాన్ని పెట్టింది జాడ కోసం కాదు, ఎక్కడ కోస్తే ఎక్కువ డబ్బులొస్తాయో ప్లాన్ వేయడానికి. తర్వాత అదే మ్యాప్ జాడకి పనికొచ్చింది. పాలిష్ రాయిలో మిగిలిన మచ్చ, ముడిరాయి మ్యాప్‌లో ఫలానా మచ్చ ఒకటేనని కుదిరితే బంధం కలిసినట్టు. జీఐఏ అని వజ్రాల్ని పరీక్షించి రిపోర్టులిచ్చే అమెరికా ల్యాబ్ ఉంది, వాళ్ళిచ్చే ఆరిజిన్ రిపోర్టు కూడా ఇలాంటిదే. ముడిరాయిని వాళ్ళు ముందే చూసి ఉండాలి. తర్వాత పాలిష్ రాయి తెస్తే సరిపోల్చి ఇస్తారు. ముందు చూడకపోతే వాళ్ళూ ఏం చేయలేరు.

రాయికి తీసిపెట్టుకున్న ఇలాంటి త్రీడీ మ్యాప్‌నే ఇప్పుడు డిజిటల్ ట్విన్ అంటున్నారు. డిజిటల్ కవల. మాట కొత్తదే కానీ పని పాతది. ఆ టావెర్నియే మన దేశం నుంచి ఒక పెద్ద నీలం వజ్రం పట్టుకెళ్ళి 1668లో ఫ్రాన్స్ రాజు 14వ లూయీకి అమ్మాడు. రాజు దాన్ని కోయించాడు, ఫ్రెంచ్ బ్లూ అన్నారు. 1792లో, విప్లవం గొడవల్లో దొంగలెత్తుకుపోయారు. ఇరవై ఏళ్ళకి లండన్‌లో ఇంకాస్త చిన్న నీలం వజ్రం ఒకటి తేలింది. అదే హోప్ వజ్రం, 45.52 క్యారెట్లు, ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది. రెండూ ఒకటేనా అని చాలాకాలం అనుమానంగానే ఉంది. 2007లో పారిస్ సహజచరిత్ర మ్యూజియంలో ఫ్రాన్సువా ఫార్జ్ అనే ఆయనకి పాత నమూనాల మధ్య ఒక సీసపు ముద్ద కనిపించింది. ఫ్రెంచ్ బ్లూకి ఎవరో ఎప్పుడో పోతపోసిన అచ్చు అది. దాన్ని స్కాన్ చేసి, కంప్యూటర్‌లో హోప్ ఆకారాన్ని దాని లోపల కూర్చి చూస్తే చక్కగా పట్టింది. పెద్ద రాయిని కోసి చిన్నది చేశారని అలా తేలింది. సీసంతో చేసిన కవల అన్నమాట. ఎవరో ముందుచూపుతో పోతపోసి ఉంచబట్టి సరిపోయింది. దొంగతనం అయ్యాక కూర్చుని కవలని పుట్టించలేం. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి నేను మొదట చెప్పేది ఈ సీసపు ముద్ద కథే. ఇంకోటి కూడా చూడండి. పారిస్ నుంచి వాషింగ్టన్ దాకా జాడకి రుజువుంది. కొల్లూరు నుంచి పారిస్ దాకా? అది కొల్లూరుదని అంటారు, అంతే. ఆ ముక్కకి సీసం లేదు.

రాయి నడుం మీద లేజర్‌తో చెక్కే నంబరుంది కదా, అది చాలదా అని అడుగుతారు. గర్డిల్ ఇన్‌స్క్రిప్షన్ అంటారు. పది రెట్లు చూపించే లూప్ అనే భూతద్దం పెట్టుకుంటే తప్ప కనబడదు. మంచిదే, కానీ మళ్ళీ సానపడితే పోతుంది. 2017లో జీఐఏకి ఒక రాయి వచ్చింది, నడుం మీద అసలైన సహజ వజ్రం రిపోర్టు నంబరుంది. రాయి మాత్రం ల్యాబులో చేసినది. అది ఇంకొకరి ఆధార్ నంబరు పచ్చబొట్టు వేయించుకున్నట్టుంది. (నవ్వులు) ఐడెంటిఫయర్, ఐడెంటిటీ, ఈ రెండు మాటల తేడా అక్కడుంది. ఒకటి గుర్తు, ఒకటి మనిషి.

బ్లాక్‌చెయిన్ గురించి త్వరగా చెప్పేస్తాను, మీరు దీని గురించి ఇప్పటికే చాలా వినుంటారు. ఊరి లెక్కల పుస్తకం కరణం దగ్గర ఒక్కడి దగ్గరే కాకుండా ఇంటింటికీ ఒక నకలుంటే, ఒకడు తన పుస్తకంలో కొట్టివేత చేసినా మిగతా పుస్తకాలు ఒప్పుకోవు. అంతే. డీబీర్స్ అనే వజ్రాల గనుల కంపెనీ 2018లో ప్రకటించి 2022లో పెద్ద ఎత్తున నడపడం మొదలుపెట్టిన ట్రేసర్ ఈ పద్ధతిదే. దానికి ముందు 2015లో వచ్చిన ఎవర్‌లెడ్జర్ చాలా పేరు తెచ్చుకుంది, 2023లో దివాలా దారిపట్టి అడ్మినిస్ట్రేటర్ల చేతికి పోయింది. రికార్డు చెరగదు సరే, రికార్డు పెట్టిన దుకాణం మూతపడితే ఎలా అన్నది ఆ రోజు మాకు అందరికీ తట్టింది.

వీళ్ళు వాడే మాట ‘ఇమ్యూటబుల్’. చెరపరానిది. వినేవాళ్ళు దాన్ని ‘నిజమైనది’ అని అర్థం చేసుకుంటారు. నాకు జరిగింది చెప్తాను, కంపెనీ పేరు అడగొద్దు. మధ్యాహ్నం భోజనాల వేళ ఇద్దరు కుర్రాళ్ళు రెండు పొట్లాలు ఒకే ట్రేలో పెట్టారు. రెండింట్లోనూ కోసిన ముక్కలే, బరువు దాదాపు ఒకటే. తిరిగొచ్చాక ఇటుది అటు, అటుది ఇటు. బార్‌కోడ్ పొట్లం మీద ఉంటుంది, రాయి మీద కాదు కదా. స్కానర్ బీప్ మంది, స్క్రీన్ మీద పచ్చ టిక్కు పడింది. ఒకటి కాదు, వరసగా నాలుగు రోజులు, ప్రతి టేబుల్ దగ్గరా పచ్చ టిక్కే. ఐదో రోజు నేను కవలల్ని సరిపోలుస్తుంటే ఒక పాలిష్ రాయి తన తల్లిరాయి ముక్కలో పట్టడం లేదు. అంచు ఒకటి బయటికి పొడుచుకొచ్చింది. వెంట్రుకవాసి. సాఫ్ట్‌వేర్‌లో తప్పనుకుని గంటసేపు దాన్ని తిట్టాను. తర్వాత వెళ్ళి సీసీటీవీ చూస్తే ట్రే కనిపించింది. ఆ నాలుగు రోజుల ఎంట్రీలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, చెరపడానికి లేదు. వాటి కింద ‘సవరణ’ అని ఇంకో ఎంట్రీ చేర్చాం. పాస్‌బుక్కులో తప్పు పేరెక్కితే ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇంకొక్క మాట, అగ్రిగేషన్. పాల కేంద్రానికి వెళ్ళారా ఎప్పుడైనా? మీ గేదె పాలు, పక్కింటి గేదె పాలు ఒకే క్యాన్‌లో పోస్తారు. లీటరు పోసి లీటరు తీసుకోవచ్చు, మీ గేదె పాలే కావాలంటే కుదరదు. డీబీర్స్ తన గనుల రాళ్ళని బోట్స్వానా రాజధాని గబరోన్‌లో ఒకచోట చేర్చి, పరిమాణం, ఆకారం, రంగు, నాణ్యతల్ని బట్టి వేరుచేసి అమ్ముతుంది. 2013కి ముందు ఈ పని లండన్‌లో జరిగేది. బోట్స్వానా, నమీబియా, దక్షిణాఫ్రికా, కెనడా రాళ్ళు ఒకే పెట్టెలో ఉండేవి. వ్యాపారానికి అదే సుఖం. కానీ ‘ఫలానా దేశంలో పుట్టింది’ అని చెప్పాలంటే కలపకముందే ఒక్కో రాయికీ కవలని తీసుకోవాలి. దేశాలవారీగా విడిగానే ఉంచితే దాన్ని సెగ్రిగేషన్ అంటారు. కలిపేసి, లెక్క మాత్రం సరిపోయేట్టు చూసుకుంటే మాస్ బ్యాలెన్స్. పాలకి రెండోది చాలు. ఉంగరం కొనేవాడికి చాలదు.

ఇదంతా చెప్పుకోదగ్గ సైజు రాళ్ళకి. ముక్కుపుడక చుట్టూ పొదిగే పొడిరాళ్ళని మెలీ అంటారు, ఆవగింజ కన్నా చిన్నవి కూడా ఉంటాయి. వాటికి ఒక్కోదానికీ కవల అంటే రాయి ధర కన్నా స్కాన్ ఖర్చు ఎక్కువ. వాటిని పొట్లాలుగానే చూస్తారు. అంటే మీ చేతుల్లో తిరుగుతున్న ఆ కాగితం పొట్లం రాజ్యం ఇంకా పోలేదు.

నేను ఆపుతాను, ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, ల్యాబ్‌లో చేసినవాటికి ఆరిజిన్ ఉంటుందా?

ఉంటుంది బాబూ. దానికి ఊరి బదులు ఫ్యాక్టరీ ఉంటుంది. అక్కడ జనం అడిగే ప్రశ్న వేరు, భూమిలోదా మెషిన్‌లోదా అని. ఆ తేడా ల్యాబు పట్టగలదు, దేశం తేడానే పట్టలేదు. ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేసి ‘సర్టిఫైడ్’ అని ఒక్క మాట చెప్పేస్తారు కొందరు. దేనికి సర్టిఫికెట్ అని అడగడం నేర్చుకోండి.

ప్రశ్న: మాది తుగ్గలి మండలం సార్. తొలకరి పడగానే జొన్నగిరి చుట్టుపక్కల జనం పొలాల్లో వజ్రాలు ఏరుతారు. మా మేనమామకి కూడా ఒకటి దొరికింది. దాన్ని ఈ సిస్టమ్‌లో పెట్టొచ్చా?

ఈ ప్రశ్న వస్తుందనే ఎదురుచూస్తున్నాను తల్లీ. మామయ్య అమ్మేశారా? అమ్మేశారు. ఎవరికి? (నవ్వులు) చెప్పొద్దులే. సాంకేతికంగా అయితే చక్కగా పెట్టొచ్చు. ఏరిన గంటలోపు తూకం, ఫోటో, పొలం సర్వే నంబరు, తర్వాత స్కాన్. ప్రపంచంలో అంత కచ్చితంగా పుట్టిన చోటు చెప్పగలిగే రాళ్ళు తక్కువ, గట్టుతో సహా చెప్పొచ్చు. కానీ మీ దగ్గర బేరం ఎలా జరుగుతుందో నాకన్నా నీకే తెలుసు. రాత్రి, గుట్టుగా, చేతిలో డబ్బు. బిల్లు ఉండదు. ఊరు దాటేసరికి ఆ రాయికి ఇంకో పుట్టుక వచ్చేస్తుంది. ఏ దేశం కాగితంతో నా టేబుల్ మీదికి వస్తుందో నేను చెప్పలేను. వస్తే మాత్రం నా స్క్రీన్ మీద పచ్చ టిక్కే పడుతుంది.

సమయం అయిపోయిందంటున్నారు మేడం. అన్నట్టు నా పొట్లం ఎవరి దగ్గరుంది? పొట్లం అమ్మా, మొదట్లో ఇచ్చాను కదా. నీ దగ్గరా? లేదా? నువ్వెవరికిచ్చావు? పక్కమ్మాయికి. ఆ అమ్మాయి? వెనక బెంచీకి. వెనక బెంచీవాళ్ళు? (పెద్దగా నవ్వులు) మేమసలు చూడనేలేదంటున్నారా!